బోటు మోటారు కార్బరేటర్ ట్యూనింగ్: డ్రమ్ములో బాగానే ఉంది, కృష్ణలో గేరు వేస్తే ఆగిపోతోంది

సింగ్‌నగర్_బోటు · శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం అండీ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ మునిగినప్పుడు మేడల మీద నిలబడి పడవ కోసం ఎలా ఎదురుచూశామో ఇక్కడ చాలామందికి తెలుసు. నీళ్ళు తీశాక మా వీధి వాళ్ళం తలా కొంత వేసుకుని ఒక ఫైబర్ బోటు, దానికి సెకండ్‌హ్యాండ్‌లో 40 హెచ్‌పి మోటారు కొని పెట్టుకున్నాం. టూ స్ట్రోక్, మూడు సిలిండర్లు, సిలిండర్‌కి ఒకటి చొప్పున మూడు కార్బరేటర్లు. మళ్ళీ అలాంటి రోజు వస్తే తాడు లాగగానే స్టార్ట్ కావాలి, మాకు కావలసింది అంతే.

సంవత్సరంలో ఎక్కువ కాలం అది షెడ్డులోనే ఉంటుంది. ఈ వేసవిలో తీస్తే స్టార్ట్ కాలేదు. మా పేటలో టూవీలర్లు చూసే మెకానిక్ వచ్చి మూడు కార్బరేటర్లు విప్పి కడిగి స్క్రూలు సెట్ చేశాడు. డ్రమ్ములో నీళ్ళు పోసి పెడితే చక్కగా తిరిగింది. కానీ సీతానగరం వైపు కృష్ణలో దించితే న్యూట్రల్‌లో ఉన్నంతసేపు బాగుంటుంది, గేరు వేయగానే టక్కున ఆగిపోతోంది. కొంచెం రేసు పెంచి గేరు వేస్తే కదులుతుంది గానీ ఆక్సిలరేటర్ ఒక్కసారి తిప్పితే కార్బరేటర్ నోట్లోంచి టప్ టప్ మని ఎదురు కొట్టి చచ్చిపోతోంది. మెల్లగా తిప్పుకుంటూ వెళ్తే మాత్రం లేస్తుంది, ఫుల్ మీద బాగానే లాగుతోంది. మళ్ళీ కార్బరేటర్లు విప్పించాలా, స్క్రూలు తిప్పితే సరిపోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నిజాంపట్నం_తీరం · శనివారం, రాత్రి 9:40

తమ్ముడూ ముందు ఒక్క మాట. రేసు పెంచి గేరు వేయడం ఈ రాత్రి నుంచే మానేయ్. కింద గేర్ బాక్సులో పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకునేది స్లోలో ఉన్నప్పుడే, రేసులో వేస్తే అంచులు అరిగిపోయి తర్వాత లోడు మీద గేరు జారడం మొదలవుతుంది. కార్బరేటర్ పని వందల్లో పోతుంది, గేర్ బాక్సు పని వేలల్లోకి వెళ్తుంది.

రెండోది, సెకండ్‌హ్యాండ్ అన్నావు కదా, అది పెట్రోల్ మోడలా కిరోసిన్ మోడలా? సముద్రం మీద వేటకి వాడి అమ్మేసినవాటిలో కిరోసిన్‌వి కూడా ఉంటాయి. పెట్రోల్ మీద స్టార్ట్ చేసి వేడెక్కాక కిరోసిన్‌కి మారుస్తారు. వాటిలో కంప్రెషన్ తక్కువ, జెట్లు (పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) వేరు. అది తెలియకుండా పెట్రోల్ మోడల్ లెక్కలతో ట్యూన్ చేస్తే ఎప్పటికీ కుదరదు. మోటారు మీద ప్లేటు ఉంటుంది, మోడల్ నంబరు చూసి చెప్పు.

ఆటోనగర్_స్పానర్ · శనివారం, రాత్రి 10:25

నిజాంపట్నం అన్న చెప్పింది కరెక్ట్. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ పని చేస్తాను, బోటు మోటార్లు కూడా వస్తుంటాయి. స్లో తేడాగా ఉందంటే చాలు, అందరూ మొదట కార్బరేటర్ స్క్రూ మీదకే వెళ్తారు. దాన్ని ఆఖర్న ముట్టుకోవాలి. ముందు ఇంజన్ బాగుందా, నిప్పు సరిగ్గా పడుతోందా, పెట్రోల్ వస్తోందా, ఈ మూడూ తేలాలి.

కంప్రెషన్ గేజి పెట్టి మూడు సిలిండర్లూ చూడండి. అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి మిగతా వాటికంటే 10, 15 శాతం మించి తక్కువుంటే రింగో బోరో పోయినట్టు, దానికి ఎంత ట్యూనింగ్ చేసినా దండగే. తర్వాత ప్లగ్గులు తీసి నిప్పు చూడండి, రంగు కూడా చూసి చెప్పండి. తర్వాత ట్యాంకు నుంచి ఇంజన్ దాకా పైపు. మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బుడ్డ ఉంటుంది కదా, నొక్కితే గట్టిపడాలి, అలాగే ఉండాలి. కాసేపటికి మెత్తబడిపోతే ఎక్కడో లీకు ఉంది, లేదా కార్బరేటర్‌లో ఫ్లోట్ నీడిల్ పెట్రోల్‌ని ఆపడం లేదు.

ఇంకొకటి, ఏ సిలిండర్ పని చేయడం లేదో పట్టుకునే పద్ధతి. ఇంజన్ ఆపి ఒక ప్లగ్గు క్యాప్ తీసి, ఆ వైరుని ఇంజన్ బాడీకి ఎర్త్ చేసి, స్టార్ట్ చేసి వినండి. రేసు పడిపోతే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. ఏమీ తేడా లేకపోతే అది స్లోలో అసలు మండడమే లేదు. ఎర్త్ చేయకుండా వైరు గాల్లో వదిలేసి తిప్పకండి, ప్లగ్గుకి నిప్పు పంపే సీడీఐ పోతుంది. ఒక్కో సిలిండర్‌కీ ఇంజన్ ఆపి మార్చండి.

నీళ్ళు లేకుండా మాత్రం ఒక్క క్షణం కూడా తిప్పొద్దు. కింద నీళ్ళ పంపులో ఉండేది రబ్బరు ఇంపెల్లర్, పొడిగా తిరిగితే సెకన్లలో కాలుతుంది.

సింగ్‌నగర్_బోటు · ఆదివారం, మధ్యాహ్నం 1:50

అన్నీ చూశాం అన్నా. పెట్రోల్ మోడలే. కంప్రెషన్ మూడూ 110 నుంచి 115 మధ్యలో ఉన్నాయి. నిప్పు మూడిట్లో నీలంగా పడుతోంది. బుడ్డ గట్టిగానే నిలబడుతోంది. ప్లగ్గుల్లో పై రెండూ గోధుమ రంగు, కిందది తెల్లగా పొడిగా ఉంది.

వైరు తీసి చూశాం. పై రెండిట్లో ఏది తీసినా ఇంజన్ కూలబడిపోతోంది. కిందది తీస్తే ఇంజన్‌కి తెలియను కూడా తెలియడం లేదు. మెకానిక్‌ని అడిగితే "మిక్చర్ రిచ్‌గా, అంటే పెట్రోల్ పాలు ఎక్కువగా, ఉండాలని మూడు స్క్రూలూ బాగా బిగించాను, అర తిప్పు మాత్రమే వదిలాను" అంటున్నాడు. మరి రిచ్‌గా ఉంటే ఎందుకు ఆగిపోతోంది?

ఓబీఎం_పాతకాపు · ఆదివారం, మధ్యాహ్నం 3:05

అసలు విషయం ఇక్కడే ఉంది. నేను రెస్క్యూ బోట్ల మీద చాలాకాలం పనిచేసి రిటైరైన వాణ్ణి, మా దగ్గర దీన్ని ఓబీఎం (ఔట్‌బోర్డ్ మోటారు) అంటాం. టూవీలర్ మెకానిక్కులు ఈ మోటార్లు చేసినప్పుడు ఇదే పదే పదే జరుగుతుంది, తప్పు వాళ్ళ చేతిది కాదు, అలవాటుది.

ఆర్‌ఎక్స్ 100 లాంటి పాత టూ స్ట్రోక్ బండ్లలో కార్బరేటర్ పక్కన ఉండేది గాలి స్క్రూ. బిగిస్తే గాలి తగ్గి మిక్చర్ రిచ్ అవుతుంది, వదిలితే లీన్ అవుతుంది, అంటే పెట్రోల్ పాలు తగ్గుతాయి. ఆ పని చేసిన చెయ్యికి అదే లెక్క. మీ మోటారులో ఉన్నది చాలావరకు మిక్చర్ స్క్రూ, అంటే స్లో పెట్రోల్‌ని ఇంజన్‌లోకి వదిలే దారి మీద ఉండేది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. బిగిస్తే పెట్రోల్ తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. ఆయన రిచ్ చేద్దామని బిగించాడు, మూడూ లీన్ అయిపోయాయి. ఆక్సిలరేటర్ తిప్పగానే నోట్లోంచి ఎదురు కొట్టడం పెట్రోల్ చాలని ఇంజన్ చేసే పనే. పెట్రోల్ ఎక్కువైతే ఎదురు కొట్టదు, గుడగుడలాడి పొగ వదిలి మునిగిపోతుంది.

మరి డ్రమ్ములో ఎందుకు బాగుందంటే, స్లో నిలబడకపోయేసరికి ఐడ్లింగ్ స్క్రూ తిప్పి రేసు పెంచి ఉంటాడు. రేసు పెంచితే సీతాకోకచిలుక రెక్క అనే ఆ బిళ్ళ కొంచెం తెరుచుకుని, దాని అంచు దగ్గరుండే చిన్న చిన్న రంధ్రాల్లోంచి అదనంగా పెట్రోల్ లాగేస్తుంది. దాంతో స్లో సర్క్యూట్ లోపం కనపడకుండా కప్పేసినట్టవుతుంది. గేరు వేశాక లోడుకి రేసు పడిపోయి బిళ్ళ దగ్గర గాలి లాగే బలం తగ్గుతుంది, అప్పుడు దాని బండారం బయటపడుతుంది. పైగా డ్రమ్ములో ఫ్యాను (ప్రొపెల్లర్) తిప్పిన నీళ్ళలో గాలి బుడగలు నిండి లోడు సరిగ్గా పడదు, ఇంజన్ వదిలిన పొగనే ఇంజన్ మళ్ళీ పీల్చుకుంటుంది. డ్రమ్ము పనికొచ్చేది స్టార్ట్ అవుతోందా, నీళ్ళ ధార వస్తోందా చూడ్డానికే. మిక్చర్ ట్యూనింగ్ మాత్రం నది మీద, బోటుకి తగిలించి, గేరులో పెట్టి, వేడెక్కాక చేయాలి. ఇదొక్కటి పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

కిందదాని కథ వేరు. దాని స్లో దారి మూసుకుపోయి ఉంటుంది. అది విప్పకుండా నడవదు.

కొత్త_చుక్కాని · ఆదివారం, మధ్యాహ్నం 3:31

పాతకాపు గారూ, నాది 15 హెచ్‌పి. నా దాంట్లో గాలి స్క్రూనా మిక్చర్ స్క్రూనా ఎలా తెలుస్తుంది?

ఓబీఎం_పాతకాపు · ఆదివారం, మధ్యాహ్నం 3:44

బిళ్ళకి ఏ పక్క ఉందో చూడండి. బిళ్ళకీ ఇంజన్‌కీ మధ్యలో ఉంటే మిక్చర్ స్క్రూ, గాలి లోపలికి వచ్చే వైపు ఉంటే గాలి స్క్రూ. మామూలుగా ఇది చాలు. నమ్మకం కుదరకపోతే ఇంజన్ స్లోలో ఉండగా మెల్లగా బిగించి చూడండి. తడబడి ఎదురు కొడితే లీన్ వైపు వెళ్తున్నారు, గుడగుడమని పొగ ముదిరితే రిచ్ వైపు. ఆ ఇంజన్ మాన్యువల్ ఉంటే అందులో ఎన్ని తిప్పులో రాసి ఉంటుంది, దాన్ని మించిన ప్రమాణం లేదు.

గుంటూరు_మెకానికల్ · ఆదివారం, సాయంత్రం 6:18

నేను గుంటూరులో పాలిటెక్నిక్ పిల్లలకి ఇంజన్ల పాఠం చెబుతాను. ఇందులో పెట్రోల్ సంగతి కూడా ఉంది, అది ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. మామూలు పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు, ఎందుకంటే దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది. ఈ20 లెక్క వేస్తే సుమారు 13.5 వస్తుంది. అంటే పాత పెట్రోల్ కోసం పెట్టిన జెట్టులోంచి అదే కొలత ఈ20 పోతే ఇంజన్‌కి దాదాపు 8 శాతం లీన్ అయినట్టే. కొత్త కార్లలో సెన్సరు, కంప్యూటరు దాన్ని సరిచేసుకుంటాయి. కార్బరేటర్‌కి అలా సరిచేసే దిక్కు లేదు, స్క్రూ, జెట్టు, అంతే. పాత ఇంజన్ మాన్యువల్‌లో 1½ తిప్పులు అని ఉంటే దాన్ని మొదలు పెట్టే చోటుగా తీసుకుని, అక్కడి నుంచి రిచ్ వైపు కొంచెం జరపాల్సి రావచ్చని ముందే అనుకోండి.

ఇథనాల్‌కి ఇంకో గుణం ఉంది. గాల్లో తేమని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే పెట్రోల్‌లో కలిసి ఉండలేక నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగున చేరతాయి. నదీ తీరంలో, వర్షాకాలంలో, సగం నిండిన ట్యాంకులో నెలల తరబడి ఉంచితే ఇది తేలిగ్గా జరుగుతుంది. పాత రబ్బరు పైపులు, డయాఫ్రమ్‌లు కూడా మెత్తబడి పొట్టు రాలుస్తాయి. ఆ పొట్టే వెళ్ళి జెట్టులో కూర్చుంటుంది.

నిజాంపట్నం_తీరం · ఆదివారం, రాత్రి 8:02

సారు చెప్పిన పైపు పొట్టు సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. మా రేవులో పాత పైపులు తీసేసి కొత్తవి వేసుకున్నవాళ్ళకి సగం గోల తగ్గింది. పైపు లోపలి పొర నల్లగా వేలికి అంటుతోందంటే దాన్ని మార్చేయాలి, ఆలోచించక్కర్లేదు.

ఆయిల్ గురించి కూడా చెప్పాలి. ఏ ఆయిల్ పోస్తున్నావు తమ్ముడూ? బండికి పోసే 2టీ పోయొద్దు. అది గాలితో చల్లబడే, బాగా వేడెక్కే ఇంజన్ కోసం చేసింది. మన మోటారు నీళ్ళతో చల్లబడుతుంది, అంత వేడి ఎక్కదు, అందుకని ఆ ఆయిల్‌లో బూడిద మిగిలే పదార్థాలు సిలిండర్‌లో, రింగుల దగ్గర పేరుకుంటాయి. డబ్బా మీద టీసీడబ్ల్యూ-3 అని ఉండాలి. పాళ్ళు 50:1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, పది లీటర్లకి 200. కొత్తగా రింగులు వేసినప్పుడైతే మొదట్లో 25:1.

ఆయిల్ ఎక్కువ పోస్తే ఇంజన్‌కి మంచిదని కొందరు లెక్క లేకుండా పోస్తారు. ఆయిల్ పెరిగితే ఆ మేరకి పెట్రోల్ పాలు తగ్గి మిక్చర్ ఇంకా లీన్ అవుతుంది, ప్లగ్గులు కూడా తడిసి ఆగిపోతాయి. కొలిచి పోయాలి.

ఆటోనగర్_స్పానర్ · ఆదివారం, రాత్రి 10:10

సరే, ఇప్పుడు విప్పే పని చెబుతాను, జాగ్రత్తగా చదవండి.

ముందు ఫోటోలు తీయండి, రాడ్లు, స్ప్రింగులు, గొట్టాలు ఏది ఎక్కడుందో. కార్బరేటర్లకి పై, మధ్య, కింద అని గుర్తు పెట్టి జెట్లు కలిసిపోకుండా మూడు గిన్నెల్లో వేరుగా పెట్టుకోండి. మూడు సిలిండర్ల ఇంజన్‌లో మూడిట్లో జెట్టు సైజు ఒకటే ఉండాలని ఏమీ లేదు, కొన్ని ఇంజన్లలో పై సిలిండర్‌కీ కింది సిలిండర్‌కీ కంపెనీయే వేర్వేరు ఇస్తుంది. మార్చి బిగిస్తే ఒక పిస్టన్ పోతుంది.

మిక్చర్ స్క్రూ తీసే ముందు అది ఇప్పుడు ఎన్ని తిప్పుల్లో ఉందో రాసుకోండి. తీశాక దాని మొన మీద వేలు పెట్టి చూడండి, గాడి పడి ఉంటే ఎవరో గట్టిగా బిగించారు, కొత్తది వేయాలి. మెయిన్ జెట్టు, స్లోకి పనిచేసే పైలట్ జెట్టు, మధ్యలో ఉండే రంధ్రాల గొట్టం, అన్నీ తీయండి. ఉట్టి పెట్రోల్‌తో కడిగితే గట్టిపడిన జిడ్డు పోదు, కార్బరేటర్ క్లీనర్ కొట్టి కాసేపు నాననిచ్చి కంప్రెసర్ గాలితో ఊదాలి. రబ్బరు రింగులు, ఫ్లోటు ఆ మందులో వేయొద్దు. పిన్నీసు, స్టీలు తీగ జెట్టులోకి దూర్చొద్దు, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది. దూర్చక తప్పకపోతే కరెంటు వైరులోంచి తీసిన ఒక్క సన్న రాగి పోగు, అదీ మెల్లగా.

టూవీలర్ వాళ్ళు వదిలేసేది ఒకటుంది. బిళ్ళ అంచు దగ్గర చిన్న రంధ్రాలు అని పాతకాపు గారు చెప్పారు కదా, వాటి మీద బయటి వైపు ఒక చిన్న మూత గానీ ప్లగ్గు గానీ ఉంటుంది. అది తీసి లోపలి గది కడగకపోతే జెట్లు ఎంత మెరిసినా స్లో రాదు. లైటు వెనక నుంచి పెట్టి చూస్తే ఆ రంధ్రాల్లోంచి వెలుతురు కనపడాలి.

ఫ్లోటు ఎత్తు కూడా కొలవండి, కార్బరేటర్ తలకిందులుగా పెట్టి, మాన్యువల్‌లో ఇచ్చిన మిల్లీమీటర్ల ప్రకారం. మూడూ ఒకేలా ఉండాలి.

బిగించాక సింక్. మూడు బిళ్ళలూ ఒకే క్షణంలో కదలడం మొదలుపెట్టాలి, ఒకే క్షణంలో పూర్తిగా తెరుచుకోవాలి. ఐడ్లింగ్ స్క్రూ పూర్తిగా వదిలేసి, రాడ్డుకి ఉన్న లివర్ల స్క్రూలు సడలించి, మూడు బిళ్ళల్నీ వేలితో మూసి పట్టుకుని బిగించాలి. కొన్ని ఇంజన్లలో ఈ స్క్రూలకి ఎడమ మర ఉంటుంది, తిరగకపోతే బలం పెట్టకుండా అటువైపు తిప్పి చూడండి. సింక్ అయ్యాకే స్లో, స్లో అయ్యాకే మిగతాది. సింక్ లేని ఇంజన్‌కి మిక్చర్ పెట్టడం వల్ల ఏమీ ఒరగదు, ఒకటి లాగుతుంటే ఇంకొకటి నిద్రపోతుంది.

సింగ్‌నగర్_బోటు · బుధవారం, రాత్రి 9:30

స్పానర్ అన్నా, మీరు చెప్పినట్టే మా మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని విప్పాం. ఆయనకి పాతకాపు గారి పోస్టు చదివి వినిపిస్తే శ్రద్ధగా విన్నాడు, స్క్రూ ఎక్కడుందో తనే చూసి "ఇది ఇంజన్ వైపు ఉంది, బండి లెక్క దీనికి పనికిరాదు" అన్నాడు.

పై రెండూ శుభ్రంగానే ఉన్నాయి. కిందదాని పెట్రోల్ కప్పు విప్పితే అడుగున పచ్చగా, తుమ్మజిగురులా గట్టిపడిన పొర. మూత తీసి చూస్తే ఆ చిన్న గది మొత్తం అదే. పైలట్ జెట్టు లైటు ముందు పెడితే చీకటి, వెలుతురే రాలేదు. క్లీనర్ కొట్టి రాత్రంతా ఉంచి, పొద్దున మళ్ళీ కొట్టి ఊదితే సన్నగా ఒక చుక్కంత వెలుగు కనపడింది. బిళ్ళ దగ్గర రంధ్రాలు కూడా అలాగే తెరుచుకున్నాయి. కింది లివర్ కూడా కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటోంది, సింక్ పెట్టాం. అది ఎడమ మరే అన్నా, మీరు చెప్పకపోతే విరిగిపోయేది.

పెట్రోల్ పైపు లోపల వేలికి నల్లగా అంటింది, కొత్తది వేశాం. ఇప్పుడు మూడు స్క్రూలూ మెల్లగా ఆనేదాకా బిగించి 1½ తిప్పులు వదిలాం. నది మీద ఎలా చేయాలో వరసగా చెప్పండి పాతకాపు గారూ.

ఓబీఎం_పాతకాపు · గురువారం, ఉదయం 6:20

బాగా చేశారు బాబూ. ఆనేదాకా అంటే ఆనడమే, బిగించడం కాదు, అది గుర్తుంచుకున్నారు కాబట్టి మొన పాడవలేదు.

నది మీద ఇద్దరు ఉండాలి, ఒకరు బోటు చూసుకోవాలి, ఒకరు మోటారు. ఇంజన్ ఆపే తాడు నడిపేవాడి మణికట్టుకి కట్టి ఉండాలి. లైఫ్ జాకెట్ ఇద్దరికీ. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడిన రోజు మన ఊళ్ళో ఎవరికీ మరిచిపోయేది కాదు, ఒడ్డు దగ్గరే కదా అని జాకెట్ పక్కన పెట్టొద్దు.

ఓ పది నిమిషాలు నడిపి ఇంజన్ వేడెక్కనివ్వండి. చోక్ పూర్తిగా లోపలికి వెళ్ళిందో లేదో చూడండి. నీళ్ళ ధార గట్టిగా వస్తుండాలి. తర్వాత ముందు గేరులో పెట్టి, ఐడ్లింగ్ స్క్రూతో రేసు తగ్గించి మాన్యువల్‌లో చెప్పిన దగ్గరికి తీసుకురండి, ఇలాంటి ఇంజన్లకి గేరులో నిమిషానికి 650 నుంచి 750 చుట్ల మధ్య ఉంటుంది. ప్లగ్గు వైరుకి తగిలించి రేసు కొలిచే చిన్న టాకోమీటర్ దొరుకుతుంది, అది కొనుక్కోండి, చెవితో ఇంత తక్కువ రేసు పట్టుకోవడం కష్టం.

ఇప్పుడు పై కార్బరేటర్‌తో మొదలుపెట్టండి. స్క్రూ 1/8 తిప్పు బిగించి ఆగండి. కనీసం పది, పదిహేను సెకన్లు ఆగాలి, క్రాంక్‌కేసులో ఉన్న పాత మిక్చర్ అయిపోయాకే కొత్తది వినపడుతుంది. తొందరపడి తిప్పుతూ పోతే ఎక్కడున్నారో మీకే తెలియదు. అలా 1/8 చొప్పున బిగిస్తూ వెళ్తే ఒకచోట రేసు తడబడి ఎదురు కొట్టడం మొదలవుతుంది, అది లీన్ అంచు. అక్కడి నుంచి అలాగే వదులుతూ రండి. రేసు సర్దుకుని, నున్నగా తిరిగి, ఇంకా వదిలితే మళ్ళీ బరువెక్కి గుడగుడలాడుతుంది, అది రిచ్ అంచు. ఆ రెండింటి మధ్యలో బాగా తిరిగే చోటు దొరుకుతుంది, అక్కడ ఆగకుండా రిచ్ వైపు ఒక్క 1/8 ఎక్కువ ఉంచండి. తర్వాత మధ్యది, తర్వాత కిందది. ఒకటి మారితే రేసు మారుతుంది కాబట్టి ఐడ్లింగ్ స్క్రూతో మళ్ళీ సర్దుకుంటూ ఉండాలి. మూడూ అయ్యాక మొదటిదాన్ని ఇంకోసారి చూడండి.

రిచ్ వైపు ఎందుకంటే, టూ స్ట్రోక్‌లో పెట్రోల్‌తోపాటే ఆయిల్ వస్తుంది. మిక్చర్ లీన్ అయితే వేడి పెరుగుతుంది, అదే సమయంలో ఆయిల్ కూడా తగ్గుతుంది. ఒకేసారి రెండు దెబ్బలు. పిస్టన్ పట్టేసేది అక్కడే. కొంచెం రిచ్ అయితే పొగ, ఖర్చు, ప్లగ్గు నల్లబడడం, అంతే. వరదలో జనాన్ని ఎక్కించుకుని వస్తుండగా మోటారు పట్టేయడం కంటే ఆ ప్లగ్గు మార్చుకోవడం వెయ్యి రెట్లు నయం.

ఆఖర్న ఒక పరీక్ష. రెండు, మూడు నిమిషాలు గేరులో స్లోలోనే వదిలి, ఒక్కసారిగా ఆక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. ఎదురు కొట్టి తడబడితే మూడూ ఇంకో 1/8 వదలండి. పొగ వదిలి బరువుగా లేస్తే 1/8 బిగించండి. ఇది నిలబడితే ట్యూనింగ్ నిలబడినట్టు.

తాడేపల్లి_వాసి · గురువారం, ఉదయం 7:45

చోటు గురించి ఒక మాట. ప్రకాశం బ్యారేజీకి ఎగువ నీళ్ళు నిలకడగా ఉంటాయని అందరూ అక్కడే దించుతారు, ట్యూనింగ్‌కి అది మంచిదే. కానీ గేట్లు ఎత్తి ఉన్న రోజుల్లో అసలు దించొద్దు. మీరు చేసేదే ఇంజన్ ఆగిపోయే పని. ఆగితే ప్రవాహం బోటుని 70 గేట్లున్న ఆ బ్యారేజీ వైపే తీసుకెళ్తుంది. 2024 వరదలో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు పెద్ద పడవలే తాళ్ళు తెంచుకుని వచ్చి గేట్ల దగ్గర ఢీకొన్నాయి. బ్యారేజీకి దూరంగా, ఎగువన, ఒడ్డుకి దగ్గర్లో చేయండి. తెడ్లు, లంగరు, పొడవైన తాడు బోటులో ఉండాలి. మెత్తటి ఇసుక ఉన్న తక్కువ లోతులో ఫ్యాను తిప్పితే ఆ ఇసుకే నీళ్ళ పంపులోకి పోయి ఇంపెల్లర్‌ని అరగదీస్తుంది, అది కూడా చూసుకోండి.

కొత్త_చుక్కాని · గురువారం, ఉదయం 9:10

ఫుల్ రేసులో కూడా ఈ స్క్రూలే పని చేస్తాయా?

ఆటోనగర్_స్పానర్ · గురువారం, ఉదయం 9:32

చేయవు. ఫుల్ మీద మెయిన్ జెట్టుదే రాజ్యం, స్క్రూ ప్రభావం స్లోలోనూ, స్లో నుంచి లేచేటప్పుడూ. ఫుల్ మీద మీ ఇంజన్‌కి రాసి ఉన్న రేసు రాకపోతే ముందు ఫ్యాను చూడండి. ఈ సైజు మోటార్లకి ఫుల్ రేసు చాలావరకు 4500 నుంచి 5500 మధ్య ఇస్తారు. ఫ్యాను పిచ్, అంటే ఒక్క చుట్టుకి ముందుకి తోసే దూరం, ఒక అంగుళం తగ్గితే రేసు సుమారు 150 నుంచి 200 దాకా పెరుగుతుంది. ఫ్యాను తప్పయినప్పుడు కార్బరేటర్‌ని ఎంత తిప్పినా లాభం ఉండదు. మెయిన్ జెట్టు సంగతి తెలియాలంటే ఫుల్ మీద కొంతసేపు నడిపి, అక్కడే ఇంజన్ ఆపేసి, ప్లగ్గులు తీసి రంగు చూడాలి. స్లోలో ఒడ్డుకి వచ్చాక చూస్తే స్లో రంగే కనపడుతుంది.

సింగ్‌నగర్_బోటు · ఆదివారం, సాయంత్రం 5:55

ఇవాళ పొద్దున్నే వెళ్ళి చేశాం. గేట్లు మూసి ఉన్నాయని కనుక్కునే దించాం.

పై రెండూ 1½ కి కొంచెం పైనే సర్దుకున్నాయి. గుంటూరు సారు చెప్పినట్టే మూడూ మాన్యువల్ కన్నా వదులు వైపే ఆగాయి, కిందది 1¾ దగ్గర. గేరులో 700 మీద నిలబడి తిరుగుతోంది, వైరు తీసి చూస్తే ఇప్పుడు మూడిట్లో ఏది తీసినా ఇంజన్ కూలబడుతోంది. ఆక్సిలరేటర్ పరీక్షలో మొదట ఒకసారి తడబడింది, మూడూ 1/8 వదిలాక తిప్పగానే బోటు ముక్కు పైకెత్తి వెళ్ళిపోయింది. ఫుల్ మీద నడిపి ఆపి చూస్తే మూడు ప్లగ్గులూ గోధుమ రంగే. ఫుల్ రేసు 4900 చూపించింది. గేరు ఇప్పుడు స్లోలోనే మెత్తగా పడుతోంది.

మా మెకానిక్ చివరి రెండు కార్బరేటర్లూ తనే పెట్టాడు, చెవి బాగా పట్టేసింది ఆయనకి. అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇక మిగిలింది ఒక్కటే, మళ్ళీ నెలల తరబడి షెడ్డులో ఉంటుంది కదా, ఆ జిగురు మళ్ళీ పట్టకుండా ఏం చేయాలి?

నిజాంపట్నం_తీరం · ఆదివారం, సాయంత్రం 6:30

చాలా సంతోషం తమ్ముడూ. మేమైతే రేవుకి వచ్చాక పెట్రోల్ పైపు ఊడదీసి ఇంజన్ దానంతట అదే ఆగేదాకా తిప్పుతాం. కప్పుల్లో పెట్రోల్ అయిపోతుంది. ఉప్పు నీళ్ళు కాబట్టి ఆపే ముందు మంచినీళ్ళతో కడుగుతాం కూడా.

ఆటోనగర్_స్పానర్ · ఆదివారం, సాయంత్రం 6:52

అన్నా, రోజూ తిప్పే మోటారుకి అది పర్వాలేదు. మూడు కార్బరేటర్లున్నదానికి, నెలలపాటు పెట్టేదానికి నేను ఒప్పుకోను. మూడూ ఒకేసారి ఖాళీ అవ్వవు, ఒకటి ముందు ఎండిపోయి ఆ సిలిండర్ పెట్రోల్ లేక, ఆయిల్ లేక లీన్‌లో తిరుగుతుంది. పైగా కప్పు అడుగున కొంత మిగిలే ఉంటుంది, జిగురు పట్టేది ఆ మిగిలినదే. ప్రతి కప్పు కిందా డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, ఇంజన్ చల్లారాక అది తీసి చిన్న సీసాలో పట్టేయండి, మళ్ళీ బిగించండి. ఆ పని చేసేటప్పుడు దగ్గర్లో బీడీ, సిగరెట్, కరెంటు స్పార్కు ఏమీ ఉండకూడదు.

నిజాంపట్నం_తీరం · ఆదివారం, రాత్రి 7:15

ఒకటి ముందు ఎండిపోతుందన్నది నిజమే, అది నేను కాదనను. నెలలు పెట్టేదానికి డ్రెయిన్ స్క్రూనే మంచిది.

ఓబీఎం_పాతకాపు · ఆదివారం, రాత్రి 8:40

డ్రెయిన్ చేయడంతోపాటు ట్యాంకులో పాత పెట్రోల్ ఉంచొద్దు. దాన్ని ఎవరి బండిలోనైనా పోయాలనుకుంటే ఆయిల్ కలిసి ఉందని చెప్పి ఇవ్వండి. వరద కోసం ఉంచిన మోటారుకి తాజా పెట్రోల్ కొద్దిగా, ఆయిల్ డబ్బా పక్కనే, కలిపే కొలత గ్లాసుతో సహా సిద్ధంగా పెట్టుకుని, అవసరం వచ్చినప్పుడు కలపండి. స్క్రూలు ఇప్పుడు ఎన్ని తిప్పుల్లో ఉన్నాయో మూడూ రాసి ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి మోటారు మూత లోపలి వైపు అంటించండి. రెండు కొత్త ప్లగ్గులు, ప్లగ్గు స్పానర్, స్టార్టర్ తాడు ఒకటి అదనంగా బోటులోనే ఉండాలి. జూన్ మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి నదిలో దించి గేరులో నడిపి చూడండి, కృష్ణకి పెద్ద వరదలు ఎక్కువగా వచ్చేది ఆ తర్వాతే.

సింగ్‌నగర్_బోటు · ఆదివారం, రాత్రి 9:05

కాగితం ఇప్పుడే అంటించాను పాతకాపు గారూ. పై 1⅝, మధ్య 1⅝, కింద 1¾, అన్నీ ఆఖరి 1/8 కలిపి. డ్రెయిన్ కూడా చేసేశాం. మీ 15 హెచ్‌పి సంగతి ఏమైందో కొత్త_చుక్కాని గారు కూడా ఇక్కడే రాయండి, మా టాకోమీటర్ కావాలంటే సింగ్‌నగర్ వచ్చి పట్టుకెళ్ళండి.